వెండి ఆవు తోక

బాబాయి కాగితం పొట్లం విప్పి చాప మీద పెట్టిన వెండి ఆవు నా బొటనవేలంత ఉంది. నాన్న పోయి వారం దాటింది. హాల్లో అందరం గోడలకి ఆనుకుని కూర్చున్నాం. పదకొండో రోజున ఇవ్వాల్సిన దానాల గురించి పంతులుగారు చెబుతున్నారు. వాటిలో గోదానం ఒకటి. పోయినవాళ్ళు వెళ్ళే దారిలో వైతరణి అనే నది అడ్డం వస్తుందట. ఇక్కడ మనం ఇచ్చిన ఆవు అక్కడ ఒడ్డున ఎదురుచూస్తూ ఉంటుందట. దాని తోక పట్టుకుని ఆ నది దాటాలి. ఇప్పుడు ఆవుల్ని ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి వెండి బొమ్మతో సరిపెడుతున్నారు.

అమ్మ ఆ బొమ్మని అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుగు వైపు తిప్పింది. ఆ వారం రోజుల్లో అమ్మ ఏ వస్తువునీ అంత పట్టి చూడలేదు. ఎవరైనా గ్లాసు చేతికిస్తే పట్టుకునేది, తీసుకుంటే వదిలేసేది. ఇప్పుడు మాత్రం బొమ్మని తిరగేసి, వెనక వైపు గోటితో గీకి చూసింది.

"బాబూ, దీని తోక కాలికి అతికించీసినారు," అంది.

"ఏటొదినా?" అన్నాడు బాబాయి.

"తోక. కాలికి అంటుకుపోయుంది. ఏలు కూడా దూరదు. ఎలాగ పట్టుకుంటారు?"

బాబాయి నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "బొమ్మ గదా వదినా. మా నక్కపల్లిలో అందరూ ఇదే ఇత్తన్నారు. కొట్టువాడు కూడా ఇదే నడుత్తందన్నాడు."

పంతులుగారు గొంతు సవరించుకున్నారు. "అది ప్రతీక అమ్మా. మన సంకల్పం ముఖ్యం గానీ వస్తువు కాదు."

"ప్రతీక తోకట్టుకుని ఏరు దాటతారేటండీ?" అంది అమ్మ. గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఆయనకి నీళ్ళంటే భయం. మీకు తెల్దు."

నేను తల దించుకుని చాప అంచులు చూస్తూ ఉండిపోయాను. ప్రతీక అన్న మాట ఆ ఇంట్లో అంతకుముందు వాడింది నేనొక్కదాన్నే. అదీ పైకి అనలేదు, కాగితాల మీద రాసుకున్నాను. దూరవిద్యలో ఎం.ఏ. చదువుతున్నాను. ఆధునిక కవిత్వంలో మన పురాణాలూ ఉపనిషత్తులూ ఏ రూపంలో వచ్చాయన్నది నా ప్రాజెక్టు. చెప్పడానికి పెద్ద విషయమే. చేసింది మాత్రం పెరటి వైపు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, లైబ్రరీ పుస్తకాలూ ఫోనులో దింపుకున్న పుస్తకాలూ చదువుకుంటూ. నేను కవిత్వం చదువుతానని మా వీధిలో ఎవరికీ తెలియదు. బ్యాంకు పరీక్షలకి చదువుతున్నాననుకునేవాళ్ళు. కాదని నేనెప్పుడూ చెప్పలేదు.

పోయిన శతాబ్దంలో యుద్ధాలు చూసి, దేవుడి మీద నమ్మకం పోగొట్టుకున్న పరాయి దేశాల కవులు కొందరు మన ఉపనిషత్తుల వైపు చూశారు. మన కవులేమో అదే కాలంలో వాటికి వీపు చూపించి, మళ్ళీ కొన్నాళ్ళకి ఓరగా తిరిగి చూశారు. వాళ్ళ కవితల్లో యముడు కార్యాలయం గుమాస్తాలా కనిపించాడు. స్వర్గం వెయిటింగ్ రూమ్ అయింది. వైతరణి నగరం మధ్య మురుగు కాలువై పారింది. ఇవన్నీ నాకు ఎంతో ఇష్టంగా ఉండేవి. మూడో అధ్యాయం చివర ఒక వాక్యం రాసుకున్నాను: "ఆధునిక కవికి వైతరణి ఒక స్థితి, దాటడం అనే ప్రశ్నే లేదు." ఆ వాక్యం చూసుకుని ఆ రోజంతా లోలోపల సంతోషపడ్డాను.

నాన్న బతికుండగానే అది రాశాను. ఆ సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చి, గది తలుపు తోసి అడిగారు. "ఏటి రాత్తన్నావమ్మా?"

"వైతరణి గురించి నాన్నా."

"అదేటి?"

"నది."

"నదులెందుకే? కొండల మీద రాయి," అన్నారు నవ్వుతూ. "కొండలైతే నానూ సెప్తాను."

నాన్న బస్సు డ్రైవరు. చింతపల్లి ఘాట్లో మంచు దిగి, ముందు చక్రం పక్కన లోయ కనబడని రోజుల్లో కూడా ఆయన చెయ్యి వణికేది కాదని తోటివాళ్ళు చెప్పుకునేవారు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేరే మనిషి. కొయ్యూరు రూటులో వానాకాలం గెడ్డ పొంగి రోడ్డు మీదకొస్తే బస్సు ఆపేసి, నీళ్ళు పూర్తిగా తీసేదాకా కదిలేవారు కాదు. జనం తిట్టుకున్నా వినేవారు కాదు. బాబాయి వాళ్ళ ఊరి దగ్గర సముద్రానికి వెళితే మేమంతా కెరటాల్లోకి దిగేవాళ్ళం. ఆయన దూరంగా పొడి ఇసకలో మా చెప్పులన్నీ ముందేసుకుని కూర్చునేవారు. ఎందుకంత భయమని అడిగితే, చెప్పులెవడైనా ఎత్తుకుపోతాడేమోనని భయం అనేవారు. అసలు కారణం మాకెవరికీ తెలియదు. అమ్మకి కూడా.

గుండెపోటుతో పోయారు. డ్యూటీ దిగి వచ్చి, చొక్కా తీసి మేకుకి తగిలించి, కూర్చున్నారు. అంతే.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందని ఎదురు చూశాను. రాలేదు. పనులన్నీ చేస్తూనే ఉన్నాను. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చాను, కుర్చీలు వేశాను, ఆధార్ కార్డు ఎక్కడుందో వెతికాను. డైరీ కూడా మానలేదు. కానీ ఆ రోజుల పేజీల్లో పక్కిళ్ళవాళ్ళు పంపిన కూరల పేర్లు తప్ప ఏమీ లేవు. బీరకాయ. చిక్కుడుకాయ వంకాయ. ఆనపకాయ పప్పు. అత్త, అంటే నాన్న అక్క, నా ముఖంలోకి ఊరికే చూస్తూ ఉండేది. ఒకరోజు అందరూ వింటుండగానే అనేసింది. "సదువెక్కువైతే కన్నీళ్ళు ఇంకిపోతాయేటో. ఈ గుంట రాయిలాగుంది." నాకు కోపం రాలేదు. ఆమె చెప్పింది నిజమే అనిపించింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

అమ్మ సంగతి వేరు. అమ్మ ఏడ్చింది. కానీ నడుం వాల్చడం లేదు. గోడకి ఆనుకుని కూర్చుని, కళ్ళు మూతలు పడితే ఉలిక్కిపడి తెరిచేది. పెరట్లో గిన్నెలు కడుగుతుంటే నా పక్కకి వచ్చి కూర్చుని చెప్పింది. "కళ్ళు మూస్తే సాలు, ఆయనే కనిపిత్తన్నారు. నీళ్ళ కాడ నిలబడిపోనారు. ఎనకాల జనం తోసుకొత్తన్నారు. దిగమంటన్నారు. ఆయన దిగట్లేదే."

"కలమ్మా," అన్నాను.

"కలని నాకు తెల్దేటి? పంతులుగారు సెప్పిన ఏరు కూడా కలేనా? నువ్వు దాని మీదే కదా సదూతున్నావు. సెప్పు, ఉందా నేదా?"

నా దగ్గర మూడు అధ్యాయాలున్నాయి. వాటిలో దీనికి జవాబు లేదు. గిన్నె బోర్లించి, ఇంకో గిన్నె తీసుకున్నాను.

అందుకే హాల్లో అమ్మ తోక గురించి పట్టుబట్టినప్పుడు ఎందుకో నాకు తెలుసు. మిగిలినవాళ్ళకి అది దుఃఖంలో వచ్చిన చాదస్తంలా కనిపించింది.

"ఈ రోజుల్లో ఆవునెక్కడ తెత్తాం వదినా?" అన్నాడు బాబాయి. "ఆన్‌లైన్లో దొరికీది కాదు గదా. పంతులుగారూ, జెర్సీ ఆవైతే ఫర్వాలేదాండీ?"

"తోక ఉంటే చాలు," అన్నారు పంతులుగారు. ఆయనకి ఇంకో ఇంటికి వెళ్ళే టైమవుతోంది.

మాకు పాలు పోసే ఆవిడకి ఆవుందని నేనే చెప్పాను. అంతమందిలో ఆ రోజు నేను మాట్లాడింది ఆ ఒక్క మాటే. ఆవిడది బలిఘట్టం దగ్గర వరాహ నదికి అవతలి ఒడ్డు. బాబాయి నన్ను బండి మీద ఎక్కించుకుని వంతెన మీదుగా తీసుకెళ్ళాడు. చెరకు లారీల వెనక ఆగి ఆగి వెళ్ళాం. ఆవిడ మా మాట విని పాల క్యాను కింద పెట్టేసింది.

"దానమంటే ఇంక నా ఆవు నాకు రాదేటి?"

బాబాయి అక్కడికక్కడే పంతులుగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "దానం పుచ్చుకుని మళ్ళీ ఆవిడకే ఇచ్చేస్తానని చెప్పండి. మాది అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. నేనెక్కడ కట్టుకోను? దూడని కూడా తెమ్మనండి. దూడతోనే ఇవ్వాలి," అని ఆయన గొంతు.

ఆవిడ ఒప్పుకుంది. కానీ పదకొండో రోజు పొద్దున్న ఆవుని తోలుకొచ్చే వేళకి దూడ బాబాయిని చుట్టూ తిప్పి, పలుపు తెంపుకుని జీడితోటలోకి పరిగెత్తింది. "టైమైపోతంది. బేగి పదండి. దూడకేటి తోకట్టుకుంటామా?" అని బాబాయి ఆవునొక్కదాన్నే వంతెన మీదుగా ఇవతలి ఒడ్డుకి నడిపించుకొచ్చేశాడు. దూడ లేకపోతే ఇది నిలవదు బాబూ అని ఆవిడ వెనక నుంచి అరుస్తూనే ఉందట. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది.

మాఘమాసం. పొద్దున్న తొమ్మిదైనా నది మీద పొగమంచు పూర్తిగా విడలేదు. నీళ్ళు అంత ఎక్కువ లేవు. మధ్యమధ్య ఇసక మేటలు తేలి ఉన్నాయి. ఒడ్డున తాటాకు చాప మీద పంతులుగారు అన్నీ సర్దుకున్నారు. ఆవుకి పసుపు రాసి, కొమ్ములకి దండ చుట్టారు. అది దండని తినడానికి నాలుక చాపుతూ ఉంది. తోక పట్టుకోవడానికి బాబాయి ముందుకొచ్చాడు. కర్మ చేస్తున్నది ఆయనే.

"నా కూతురు పట్టుకుంటాది," అంది అమ్మ.

"నాను పట్టుకుంటాను గదా వదినా. తమ్ముణ్ణి."

"నీకు ఆయన భయం తెల్దు బాబూ. సముద్రంలో నువ్వే నీళ్ళు సల్లీవోడివి ఆయన మీద. నవ్వీవోడివి."

బాబాయి పక్కకి జరిగి పలుపు పట్టుకున్నాడు. అత్త ఏదో అనబోయింది. పంతులుగారు "కూతురైనా పర్వాలేదు, కానివ్వండి," అన్నారు. అందరూ నా వైపు చూశారు. నలుగురిలో నా పేరు ఎవరైనా గట్టిగా పిలిస్తేనే నాకు చెమట పడుతుంది. ఆ రోజు అది కూడా పట్టలేదు. వెళ్ళి నిలబడ్డాను. తోక చివర వెంట్రుకలు గరుకుగా, ఎండిన పేడతో ఉండ కట్టి ఉన్నాయి. పైన మాత్రం వెచ్చగా ఉంది. తోకకి కూడా ఎముక ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నేను చెప్పేదాకా వదలకూడదు," అన్నారు పంతులుగారు. మంత్రం మొదలుపెట్టారు.

సగంలో ఉండగా అవతలి ఒడ్డు నుంచి దూడ అరిచింది. తోటలోంచి తిరిగొచ్చి తల్లిని వెతుక్కుంటున్నట్టుంది. ఆవు చెవులు రెండూ అటు తిరిగాయి. పలుపు పట్టుకున్న బాబాయి, అక్షింతల కోసం ఒక చెయ్యి చాపి ఉన్నాడు. ఆవు ఒక్కసారి తల విదిలించి, నేరుగా నీళ్ళలోకి దిగిపోయింది.

"ఒగ్గీ! ఒగ్గీయే!" అని బాబాయి అరిచాడు.

"ఒగ్గకు!" అని అమ్మ అరిచింది.

పంతులుగారు మంత్రం ఆపలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు కదా. చెప్పేదాకా వదలకూడదని ఆయన అన్నారు కాబట్టి నేను వదల్లేదు. ధైర్యం ఏమీ కాదు. ఒక పని చెప్పారు, చేస్తున్నాను. ఆ పదకొండు రోజులూ అన్ని పనులూ అలాగే చేశాను. చున్నీ నీళ్ళలో తేలింది. చెప్పులు ముందే విప్పాను. ఆవు తొందరపడలేదు. రోజూ వెళ్ళే దారిలా, మేట మీదుగా, లోతు తక్కువున్న చోట్లు చూసుకుంటూ నడిచింది. దాని వెనక నేను. వెనక నుంచి మంత్రం చిన్నదవుతూ వినిపించింది.

అవతలి ఒడ్డున పాలావిడ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. "ఓలమ్మా! తోకట్టుకుని వచ్చీసినావేటి? సెప్పినాను కదా మీ బాబాయికి!" దూడ అప్పటికే తల్లి పొదుగులోకి తల దూర్చేసింది. నేను తోక వదిలాను. ఎవరూ చెప్పలేదు. కానీ ఇంక పట్టుకోవాల్సిన పని కనబడలేదు.

ఇవతలి ఒడ్డు నుంచి, మనుషులందరినీ దాటుకుని, అమ్మ నీళ్ళ అంచుదాకా వచ్చింది. చీర కుచ్చెళ్ళు తడుస్తున్నాయి.

"ఎంత లోతుందే?" అని కేకేసింది.

"మోకాళ్ళ దాకానేనమ్మా."

"అడుగున రాళ్ళా, ఇసకా?"

"ఇసకే."

అమ్మ మళ్ళీ కేకేసింది. "ఆడ ఏటుంది?"

వెనక్కి తిరిగి చూశాను. ఏమైనా పెద్దగా చెబుదామనుకుంటే చెప్పడానికి ఏమీ లేదు. "గడ్డివాము ఉందమ్మా. తాడు మీద బట్టలారేసున్నాయి. దూడుంది."

"ఎండొచ్చిందా అటేపు?"

"వచ్చింది."

"సరే అయితే," అంది అమ్మ. "ఇంక నువ్వు వచ్చీ."

నేను చదివిన కవిత్వంలో నది ఒడ్డున నిలబడ్డ వాళ్ళందరూ తమ కోసమే నిలబడ్డారు. తాము ఎక్కడికీ వెళ్ళలేరన్నదే వాళ్ళ బాధ. అందులో అబద్ధం లేదు. కానీ అమ్మ నిలబడింది ఇంకొకరి కోసం. అవతల ఎండ ఉందా అని అడిగిన మనిషి నాకు ఆ పుస్తకాల్లో ఎక్కడా తగల్లేదు. నాకు గైడుగా ఉన్న మేడమ్ గారు ఫోనులో ఎప్పుడూ ఒకటే అడిగేవారు. నమ్మని కవికి పురాణం ఎందుకమ్మా, అది చెప్పకుండా చివరి అధ్యాయం ఎలా పూర్తవుతుంది అని. తర్వాత కొన్ని వారాలకి ఆ అధ్యాయం పంపాను. వరాహ నది గురించి ఒక్క మాట రాయలేదు. దాన్ని ఏ పుస్తకం కింద చూపించాలో నాకు తెలియదు. మూడో అధ్యాయంలో ఆ చివరి వాక్యం సగం కొట్టేశాను. వైతరణి ఒక స్థితి అన్న దగ్గర చుక్క పెట్టాను. ఆ చోట ముగింపు తేలిపోయిందని మేడమ్ గారు అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అలాగే ఉంచాను.

ఆ రోజు నదిలోంచి తిరిగి వచ్చేటప్పుడు ఆవు లేదు. ఒక్కదాన్నే నడిచాను. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. పాదాలు నొప్పి పుట్టాయి. ఒడ్డెక్కేసరికి బాబాయి పంతులుగారితో గొడవ పడుతున్నాడు.

"అవుద్దా అవదా అది సెప్పండి. ఆవు ఎల్లిపోనాది. ఇప్పుడు దానం అయినట్టా కానట్టా?"

పంతులుగారు చేతిలో నీళ్ళు అలాగే పట్టుకుని ఆలోచించారు. చాలా ఏళ్ళుగా ఈ పని చేస్తున్న ఆయనకి కూడా ఇలాంటిది ఎదురైనట్టు లేదు. "పుచ్చుకుని తిరిగి ఇచ్చేస్తానని ఎలాగూ అన్నాను కదండీ. అదే తనని తాను తిరిగి ఇచ్చేసుకుంది," అన్నారు చివరికి. అత్తకి నవ్వొచ్చి, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతూనే ఏడ్చింది.

వెండి ఆవుని కూడా పనిలో పనిగా ఇచ్చేద్దామన్నాడు బాబాయి. అమ్మ వద్దనలేదు. దాని వైపు చూడను కూడా లేదు.

ఇంటికి వచ్చేసరికి వంటలు దించుతున్నారు. హాల్లో విస్తళ్ళు వెయ్యడానికి చాపలు పరుస్తున్నారు. అమ్మ తడిసిన చీర కూడా మార్చుకోకుండా, గుమ్మానికి ఇవతల, మనుషులు నడిచే దారిలోనే, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంది. నేను దగ్గరికి వెళ్ళేలోపే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని గురక కూడా వచ్చింది.

"లేపవే, బంతి వెయ్యాల," అన్నారు ఎవరో.

"పడుకోనీండి," అంది అత్త.

పప్పు గిన్నె పట్టుకున్నవాళ్ళు అమ్మ కాళ్ళ పక్కనుంచి చూసుకుని నడిచారు. నేను వెళ్ళి పొడి దుప్పటి తెచ్చి కప్పాను. నా సల్వారు అంచుల నుంచి నీళ్ళు ఇంకా నేల మీద పడుతున్నాయి. అక్కడే అమ్మ పక్కన కూర్చున్నాను. భోజనాలయ్యి, అందరూ చేతులు కడుక్కుని, చాపలు చుట్టేసేదాకా అమ్మ లేవలేదు.